పాటకి మార్కులెలా వేయాలి?

ప్రశ్న: మల్కాజిగిరిలో ఒక హైస్కూల్లో ఎనిమిది, తొమ్మిది తరగతులకి కర్ణాటక సంగీతం చెప్తున్నాను. క్లాసుకి నలభై మంది, వారానికి రెండు పీరియడ్లు. ఇన్నాళ్ళూ యాన్యువల్ డే పాట బాగా వస్తే అందరికీ ‘ఏ’ గ్రేడే. ఈ ఏడాది ప్రిన్సిపాల్ మేడమ్ ఒక్కొక్కరి ప్రోగ్రెస్ చూపించమంటున్నారు. ఎలా అమ్మా?
– ఒక టీచరు

జవాబు: మీ మేడమ్ అడిగింది న్యాయమే. యాన్యువల్ డే పాటని ముందు లెక్కలోంచి తీసెయ్యండి. నలభై మంది కలిసి పాడితే ముందు వరసలో ఆరుగురు మోస్తారు, వెనకవాళ్ళు నోరు కదుపుతారు. మీకూ తెలుసు, నాకూ తెలుసు.

జూన్‌లో ఒక్కొక్కరి చేతా మొదటి సరళీ వరస (సరిగమపదనిస ఎక్కి దిగే తొలి పాఠం) పాడించి ఫోన్‌లో రికార్డు చేసుకోండి. దసరా సెలవులకి ముందు అదే వరస, ఫిబ్రవరిలో మళ్ళీ అదే. పాఠం గీతాల దాకా వెళ్ళినా పరీక్షకి వరస మార్చకండి. మారిస్తే, పాట కష్టమైందో పిల్లవాడు తగ్గాడో తేలదు. పీరియడ్‌కి నలుగురు చొప్పున అయిదు వారాల్లో క్లాసంతా అయిపోతుంది.

శ్రుతికి, అంటే గొంతు ఆధార స్వరంతో కలిసి ఉందో లేదో చూడ్డానికి, నేను వాడే పద్ధతి చెప్తాను. శ్రుతి పెట్టె వేసి పాడించండి, ఫోన్‌లో తంబురా అయినా సరే. మధ్యలో దాన్ని ఆపెయ్యండి, పాట మాత్రం ఆపనివ్వకండి. ఆఖరి షడ్జం (స) దగ్గర మళ్ళీ వెయ్యండి. గొంతు ఎంత జారిందో అక్కడ బయటపడుతుంది. లయకి ఆది తాళం వేయిస్తూ మూడు కాలాలూ (వేగాలూ) పాడించండి: అక్షరానికి, అంటే తాళంలో ఒక్కో లెక్కకి, ఒక స్వరం, తర్వాత రెండు, తర్వాత నాలుగు. ఏ కాలంలో చెయ్యి తప్పిందో రాసుకోండి. జూన్‌లో మొదటి కాలానికే తడబడిన పిల్ల ఫిబ్రవరికి రెండో కాలం నిలబెడితే, మేడమ్‌కి చూపించాల్సింది అదే.

వినికిడిని చాలామంది వదిలేస్తారు. మీరు మాయామాళవగౌళ రాగం పాడుతూ పాడుతూ రిషభ ధైవతాలు (రి, ధ) మార్చి శంకరాభరణం రాగంలోకి వెళ్ళండి. తక్కిన స్వరాలు రెండింటికీ ఒకటే కదా. మారిందని చెయ్యెత్తారా, ఏ స్వరమో చెప్పగలిగారా చూడండి. పాడ్డానికి సిగ్గుపడే పిల్లలు ఇందులో మెరుస్తారు.

ఈ మూడింటికీ విడివిడిగా గ్రేడు వేయండి, కలపకండి. బోనాలప్పుడు బెంచీ మీద తీన్‌మార్ దరువేసే కుర్రాడు ప్రతి క్లాసులోనూ ఉంటాడు. స్వరం పలక్కపోయినా లయ వాడి చేతిలో ఉంది. అన్నీ కలిపి ‘సి’ వేస్తే ఆ సంగతి మునిగిపోతుంది. తీపి గొంతుకి మాత్రం మార్కులొద్దు, అది మీరు నేర్పింది కాదు.

మగపిల్లల దగ్గర ఇంకాస్త జాగ్రత్త. జూన్‌లో ఐదు శ్రుతిలో (పై స్థాయిలో) హాయిగా పాడినవాడు దసరాకి బొంగురుపోవచ్చు. వాణ్ణి పాత శ్రుతిలోనే పాడించి వెనకబడ్డాడని రాస్తే అన్యాయం. రెండుకో ఒకటికో దించి పాడించండి, ఏ శ్రుతో పక్కన రాయండి.

పేరెంట్స్ మీటింగులో జూన్ ముక్క, ఫిబ్రవరి ముక్క పక్కపక్కనే వినిపించండి. ఎవరి పిల్లలవి వాళ్ళకే. క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టారో, మర్నాటి నుంచి సగం మంది నోరు విప్పరు.