లారీ ఇన్సూరెన్స్‌లో ఆ పన్నెండు వేలు ఎక్కడ తగ్గాయి?

అల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. నువ్వు వాట్సాప్‌లో పెట్టిన రెండు కొటేషన్లూ కళ్లజోడు పెట్టుకుని మరీ చూశాను. ఒకదానికీ రెండోదానికీ దాదాపు పన్నెండు వేలు తేడా. తక్కువదే కట్టేద్దామంటున్నావు. మీ అమ్మ గాజులు బ్యాంకులో పెట్టి కొంటున్న సెకండ్ హ్యాండ్ లారీ ఇది. ఆ పన్నెండు వేలు ఎక్కడ తగ్గాయో ముందు చూద్దాం.

రెండు కాగితాల్లోనూ థర్డ్ పార్టీ వరసలో, అంటే మన బండి వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి కట్టే భాగంలో, 43,950 అనే ఉంది, చూశావా? దాన్ని ఏ కంపెనీ తగ్గించలేదు, పెంచలేదు. కేంద్రం 2022 జూన్ నుంచి పెట్టిన రేటు అది. ఆర్సీలో బండి మొత్తం బరువు ఎంతుంటే దాన్నిబట్టి పడుతుంది. నీ పది టైర్ల బండి 28,500 కిలోలు, అంటే 20 నుంచి 40 టన్నుల లోపు లెక్క. 12 నుంచి 20 టన్నుల లోపు ఉండే ఆరు టైర్ల బండయితే 35,313తో పోయేది. కాబట్టి ఏజెంట్ "మీకోసం తగ్గించాను సార్" అంటే ఈ వరసలో మాత్రం కాదు.

తగ్గేదంతా ఓడీలోనే, అంటే మన బండికి దెబ్బ తగిలితే ఇచ్చే భాగంలో. అది బండి విలువ మీద నడుస్తుంది. ఐడీవీ అని రాసి ఉంటుందే, అదే. బండి పోతే చేతికొచ్చేది ఆ అంకె. దాన్ని రెండు లక్షలు తగ్గిస్తే ప్రీమియం కాస్త తగ్గుతుంది, బండి పోయిన రోజు రెండు లక్షలూ పోతాయి. నీ రెండు కొటేషన్లలోనూ 22 లక్షలే ఉంది కాబట్టి ఇక్కడ మోసమేమీ లేదు. అయితే ఛాసిస్‌తో పాటు ఆటోనగర్‌లో కట్టించిన బాడీ విలువ కూడా అందులో కలిసిందో లేదో అడుగు. హైదరాబాద్ రిజిస్ట్రేషన్ అయితే ఎక్కువ పడుతుందని ఎవరో చెప్పారన్నావు. నిజమే, ఊరినిబట్టి రేటు వేసే జోన్ మారుతుంది. పాత టారిఫ్, అంటే పాత రేట్ల పట్టీ లెక్కన నీ బండికి ఆ తేడా నాలుగొందలు కూడా రాదు. దానికి టెన్షన్ పడకు.

అసలు కిటుకు ఎన్సీబీ, అంటే నో క్లెయిమ్ బోనస్ దగ్గరుంది. తక్కువ కొటేషన్‌లో 35 శాతం వేశాడు. మూడేళ్లు క్లెయిమ్ లేకుండా నడిపిన ఓనర్‌కి ఇచ్చే తగ్గింపు అది. నడిపింది నువ్వు కాదు, నీకు అమ్మినాయన. ఎన్సీబీ బండితో రాదు, ఓనర్‌తో పోతుంది. ఆయన కొత్త బండి కొంటే దానికి వాడుకుంటాడు. నీ పేరు మీద సున్నా నుంచి మొదలవుతుంది, ఏడాదికి 20, తర్వాత 25, అలా 50 దాకా. లేని ఎన్సీబీ వేయించుకుంటే ఇవాళ ఏడు వేలు మిగులుతుంది. క్లెయిమ్ పెట్టిన రోజు పాత పాలసీ తిరగేస్తారు, అప్పుడు మొదటికే మోసం వస్తుంది.

మిగతా తేడా ఐఎంటీ 23 అనే అదనపు కవరు. ఎక్కువ కొటేషన్‌లో ఉంది, తక్కువదాంట్లో లేదు. లైట్లు, టైర్లు, మడ్‌గార్డులు, బానెట్, బంపర్, దెబ్బ తగిలిన చోట పెయింటు, ఇవన్నీ దాని కిందే వస్తాయి. ఓడీ మీద 15 శాతం ఎక్కువ. ఒకప్పుడు నేనూ దండగని తీసేయించాను. ఓ రాత్రి చిలకలూరిపేట దాటాక, పార్కింగ్ లైటు కూడా లేకుండా ఆగి ఉన్న లారీని మా డ్రైవర్ వెనక నుంచి గుద్దాడు. నష్టం లెక్కగట్టే ఇన్సూరెన్స్ సర్వేయర్ షెడ్డుకొచ్చి, ఎస్టిమేట్ కాగితం బండి మెట్టు మీద పెట్టుకుని ఎర్ర పెన్నుతో కొట్టేస్తూ పోయాడు. హెడ్‌లైట్లు, బంపర్, బానెట్, పెయింటు. గుద్దితే ముందు పోయేవి అవేగా! 61 వేల ఎస్టిమేట్‌లో నాకొచ్చింది 19 వేలు. పాలసీ చదవకుండా సంతకం పెట్టింది నేనే కాబట్టి ఎవరితో పోట్లాడను?

ఇంకో రెండు ముక్కలు. డ్రైవర్, క్లీనర్‌కి ఏమైనా అయితే అక్కరకొచ్చేలా మనిషికి యాభై రూపాయల చొప్పున పడే వరస ఉంటుంది, దాన్ని తీసేయనివ్వకు. ఎదుటివాళ్ల ఆస్తి నష్టానికి 7.5 లక్షల దాకా ఉండే కవరును ఆరు వేలకు తగ్గిస్తే ఓ రెండొందలు కలిసొస్తుందని చెప్తారు, ఒప్పుకోకు. చిన్న గీతలకీ సొట్టలకీ క్లెయిమ్‌కి వెళ్లకు. ఐదు వేల పనికి క్లెయిమ్ పెడితే కూడబెట్టుకున్న ఎన్సీబీ అంతా పోతుంది. పాతాయన పాలసీ ఇంకా నడుస్తుంటే, బండి నీ చేతికి మారిన పద్నాలుగు రోజుల్లోపు దాన్ని కూడా నీ పేరుకి మార్పించు, లేకపోతే ఓడీ ఆ పాతాయన పేరునే ఉండిపోతుంది.

ఏజెంట్‌కి ఫోన్ చేసి, ఎన్సీబీ సున్నా, ఐఎంటీ 23 కలిపి రెండు కంపెనీల నుంచీ మళ్లీ వేయించమను. అప్పుడు కూడా తేడా ఉంటే అది కంపెనీ ఇచ్చే డిస్కౌంట్, తక్కువదే తీసుకో. డబ్బు కట్టేముందు ఆ కాగితాలు నాకు పంపు. డ్రైవర్ హెవీ లైసెన్స్ రెండు వైపులా ఫోటో తీసి వాటితోనే పెట్టు, గడువు ఉందో లేదో చూడాలి.

మీ మావయ్య