పాట కంటే ముందు కాయితం

బిడ్డా,

నౌకరి ఇడిసిపెట్టి పల్లెపాటల కంపెనీ పెడుతున్నవని, ఇద్దరు పాడే ఆడపిల్లల ప్రోగ్రాములు కూడ నువ్వే సూసుకుంటవని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఆమె గొంతుల భయమే ఎక్కువున్నది. నాకైతే భయం ఎంతనో సంబురం అంతనే ఉన్నది. వద్దని రాస్తలేను. ఈ పనిల కాలు ఏడ జారతదో ఎరుక గనుక రాస్తున్న.

అల్కటి పనులు ముందు చెప్త. చిన్న కంపెనీలకు సర్కారు ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కు పైసా ఖర్చు లేదు, చేయించు. బ్యాంకుల కంపెనీకి వేరే ఖాతా తెరువు. కంపెనీ పేరు ఇంకొకలు వాడకుండ ట్రేడ్‌మార్క్ 41వ క్లాసుల వెయ్యి, వినోదం పనులు అండ్లనే వస్తయి. యూట్యూబ్ అడిగే అమెరికా పన్ను ఫారం మర్వకుండ నింపు. నింపకుంటే మొత్తం సంపాదన మీద 24 శాతం దాక పట్టుకుంటరు, నింపితే అమెరికాల సూసినోళ్ల తోని వచ్చిన పైసల మీదనే 15 శాతం పోతది.

ఇగ కాయితం సంగతి.

క్యాసెట్ల కాలంల మనోళ్లు చేసిన తప్పు ఒకటున్నది. అటు 30 నిమిషాలు, ఇటు 30 నిమిషాలు నింపుడు, పాడినామెకు పాటకింత అని చేతుల పెట్టుడు. అర ఠావు మీద 'పైసలు ముట్టినయి' అని రాసి, రెవెన్యూ స్టాంపు అంటించి, సంతకమో ఏలిముద్రో తీసుకునుడు. అంతటితోని అయిపాయె అనుకున్నరు. అది పైసలు ముట్టినయనే సాక్ష్యం, హక్కులు ఇచ్చిన కాయితం కాదని ఎవ్వలికీ తోయలే. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఏ పాట, ఏ హక్కు, ఎన్నేండ్లకు, ఏ జాగల, రాయల్టీ ఎంత అన్నది రాసి సంతకం పెట్టాలె. ఏండ్లు రాయకుంటే ఐదేండ్లకే లెక్క. జాగ రాయకుంటే మన దేశం వరకే. తీసుకున్న హక్కును ఏడాదిల వాడకుంటే, కాయితంల ఇంకో తీరు రాసుకోకుంటే, అది వాపసు పోతది.

క్యాసెట్ నడిచినన్ని దినాలు ఎవ్వలూ అడగలే. పాటలు యూట్యూబ్ ఎక్కినంక తెల్సింది. ఒక్కటే రికార్డింగు ఇద్దరు ముగ్గురు ఎక్కించి నాదంటె నాదని కొట్లాట. సూపెడదామంటే ఒక్కరి తాన కాయితం లేదు. ఇంకొకలి పాట ఎక్కించినవని యూట్యూబ్ వేసే దెబ్బను కాపీరైట్ స్ట్రైకు అంటరు, 90 రోజుల్ల అసొంటియి మూడు పడితే ఛానలే పోతది, ఏండ్ల కష్టం దాంతోనే పోతది.

పైసల నష్టం సరే. క్యాసెట్ అట్ట మీద 'రచన' అని ఎవలి పేరు పడ్డది? పాట పట్టుకొచ్చినోనిది. నాటేసుకుంట ఆ చరణాలు పాడిన అవ్వ పేరు ఏడ లేదు. ఆమె మనుమరాలు ఇయ్యాల ఆ పాట ఫోన్ల ఇని, మా అవ్వది అని చెప్పుకుందామన్నా ఆధారం లేదు. నాకు అది ఇప్పటికీ కలుక్కుమంటది. నువ్వు మాత్రం తరతరాల పాటకు 'సేకరణ' అని రాయి. ఎవలి నోట ఇన్నవో ఆమె పేరు, ఊరి పేరు రాయి. కొత్త చరణాలు కట్టిస్తే కట్టినోళ్ల పేరు ఇంకో లైనుల రాయి. పాత పాట, దాని వరుస ఊరందరివి. నీది నీ రికార్డింగు మటుకే, దానికి హక్కు 60 ఏండ్లు.

కొత్త పాట రాసినోళ్లకు, వరుస కట్టినోళ్లకు రాయల్టీల సమాన వాటా ఉంటదని 2012ల చట్టం మార్చిండ్రు. 'నాకొద్దు' అని రాయించుకున్నా చెల్లది. అందుకే ముందే రాసియ్యి, పాట రాసినోళ్లకు, వరుస కట్టినోళ్లకు రాయల్టీ వసూలు చేసిచ్చే ఐపీఆర్ఎస్ అనే సంఘంల వాళ్లను సభ్యులుగ చేర్పించు.

ఇంకో చిక్కున్నది. కంపెనీ ఓనరువు నువ్వే, ఆ పిల్లల మేనేజరువు నువ్వే. నీ కంపెనీ తోని బేరమాడాల్సొస్తే వాళ్ల దిక్కు ఎవలు మాట్లాడాలె? రెండు కాయితాలు వేరేగ రాయి. మేనేజరు వాటా 15 నుంచి 20 శాతం, అది బయటి ప్రోగ్రాముల మీదనే. నీ కంపెనీ ఇచ్చే రాయల్టీల మళ్ల వాటా కోస్తే ఒక్క పిల్ల తాన రెండు సార్లు తీసుకున్నట్టు. ఒప్పందం గడువు మూడేండ్లు మించనియ్యకు. నల్లగొండ కోర్టుల వాళ్లకు నచ్చిన వకీలుకు సూపెట్టుకోమను, ఫీజు నువ్వియ్యి. తెలుగుల రాయించి, సంతకానికి ముందు ఇంట్లోళ్ల ముంగట గట్టిగ సదివి ఇనిపియ్యి.

రికార్డింగుల మన పిల్లలు చేసే తప్పు, వాయిద్యాల ట్రాక్ ముందు కట్టి గొంతును దాంట్ల ఇరికిచ్చుడు. పొలంల పాడే గొంతుకు సొంత శృతి ఉంటది. ఆమెను ఉత్తగ పాడనియ్యి, శృతి పట్టు, అప్పుడు ట్రాక్ కట్టు. రెడీమేడ్ బీట్లు కొనకు. అదే బీటు ఇంకొకలు కూడ కొంటరు, నీ పాటను కంటెంట్ ఐడీల, అంటే ఒక్క తీరు సప్పుడున్న వీడియోలను పట్టిచ్చే యూట్యూబ్ ఏర్పాటుల పెడితే ఏ పాపం తెల్వనోళ్ల మీద నీ క్లెయిమ్ పడతది.

డప్పు తోలు వానకాలం తేమ పట్టి మెత్తబడతది. మంటకు కాపితే ఖంగుమంటది, సల్లారినకొద్ది గొంతు దిగుతది. అందుకే బయట కాపి తెచ్చుడు, రెండు మూడు నిమిషాల ముక్కలుగ తీసుడు, మళ్ల కాపుడు. ఫైబర్ డప్పుకు ఆ బాధ లేదు, కని ఆ తోలు గొంతూ లేదు. మైకు మూడు నాలుగు అడుగుల దూరం పెట్టు. దగ్గరుంటే సిర్ర, అంటే డప్పు కొట్టే పుల్ల, దెబ్బకు రికార్డింగుల సప్పుడు పగులుతది. తీగల కిన్నెరకు మాత్రం మైకు దాని సొరకాయ బుర్రల దగ్గరికే రావాలె, దాని గొంతు అంత సన్నం. రికార్డింగును సప్పుడు నాణ్యత తగ్గని 24 బిట్ వేవ్ ఫైళ్లల్ల దాచు, గొంతు వేరే, వాయిద్యాలు వేరే, మూడు కాపీలు. ఒక కాపీ ఇంకో ఇంట్ల పెట్టు. ఒక్క అల్మారిల పెట్టి బూజు పట్టిన మాస్టర్ టేపులు మళ్ల పాడలే.

బతుకమ్మ పాట పండుగ మొదటి దినమైన ఎంగిలిపూల కంటే మూడు వారాల ముందే రావాలె. అప్పటికి షూటింగ్‌కు గునుగు పువ్వు సరిపడ దొరకదు. ఈ ఏడు పూలున్నప్పుడే వచ్చే ఏటి పాట తీసిపెట్టుకో.

రాత్రి ప్రోగ్రాముల ముచ్చటకే నాకు నిద్ర పట్టదు. కురుమూర్తి జాతర గానీ చెర్వుగట్టు గానీ, అర్ధరాత్రి దాటుతది. సగం పైసలు ముందు, మిగిలిన సగం స్టేజి ఎక్కకముందు. తిరిగొచ్చే బండి, డ్రైవరు నీ మనుషులే ఉండాలె. ఆ ఆడపిల్లల ఎంబడి ఇంకో ఆడమనిషి లేకుంటే ఎంత ఇచ్చినా ఒప్పుకోకు. ఇంటికి చేరినంక ఎంత రాత్రైనా మీ అమ్మకు ఒక్క ఫోన్ కొట్టు.

ఒప్పందం బాండు పేపరు మీద కొట్టించకముందు మామూలు కాయితం మీద రాసి నాకు పంపు. అక్షరాలు పెద్దగ రాయి, నా కండ్లు మునుపటి లెక్క లెవ్వు.

మీ పెదనాయిన