ముందు పాడి చూడు

తమ్ముడికి,

నీ ఉత్తరం అందింది. దానితో పంపిన రికార్డింగ్, ఆల్టో శాక్సోఫోన్ మీద అప్పటికప్పుడు అల్లి వాయించిన నీ జాజ్ సోలో, నాలుగుసార్లు విన్నాను. నీ కథలు చదివే పద్ధతిలోనే విన్నాను. మొదటిసారి ఊరికే, తర్వాత పెన్సిల్ పట్టుకుని. “అన్నయ్యా, స్కేళ్లన్నీ వచ్చు, కార్డులు తెలుసు. అయినా నా సోలో ఎక్సర్‌సైజు లాగే ఉంది. ఇంకా ఏ స్కేల్ నేర్చుకోమంటావు?” అని అడిగావు. ఇప్పుడు కొత్త స్కేల్, అంటే కొత్త స్వరాల వరస, ఏదీ వద్దు. ఉన్నవాటినే కొన్నాళ్లు పక్కన పెట్టినా నష్టం లేదు.

నాకు వినబడింది చెబుతాను, బాధపడకు. మొదటి కోరస్ (పాట ఒక పూర్తి చుట్టు) నుంచి 8వ కోరస్ దాకా నువ్వు కావాలని ఎక్కడా ఆగలేదు. ఊపిరి చాలనప్పుడు ఆగావు, అది కూడా చెబుతున్న మాట సగంలో ఉండగా. స్వరాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. కానీ వాటిలో ఏదీ నువ్వు కోరి వాయించినట్టు లేదు. వేళ్లు తమకు అలవాటైన దారిన వెళ్లిపోతున్నాయి, ఏం వాయించాయో చెవికి తర్వాత తెలుస్తోంది. ఈ వరస తిరగబడాలి. ఈ ఉత్తరంలో చెప్పేవన్నీ ఆ ఒక్క పని కోసమే.

నాకు ఈ సంగతి తెలిసిన రోజు ఇప్పటికీ గుర్తుంది. ఆల్టో మొదలుపెట్టి అప్పటికి ఆరేళ్లు. ఒక సాయంత్రం నలుగురితో కలిసి 12 బార్ల (తాళం ఆవర్తనాల) బ్లూస్ పాట వాయించాను. చాలా వేగంగా, బోలెడన్ని స్వరాలతో. చప్పట్లు కూడా బాగానే పడ్డాయి. అయిపోయాక పియానో వాయించిన పెద్దాయన నా పక్కకొచ్చి, “ఇందాక నువ్వు వాయించిన దాంట్లో ఒక నాలుగు బార్లు పాడి వినిపించు” అన్నారు. పాడలేకపోయాను. నాలుగు బార్ల సంగతి అటుంచు, మొదటి రెండు స్వరాలు కూడా గుర్తుకు రాలేదు. ఆయన ఇంకేం అనకుండా భుజం తట్టి వెళ్లిపోయారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అంతసేపు వాయించినది నాది కాదని అర్థమైంది. మర్నాటి నుంచి వాద్యం పెట్టె తెరవక ముందే గొంతు తెరవడం మొదలుపెట్టాను.

అదెలాగో చెబుతాను. నీకు బాగా తెలిసిన బ్లూస్ ఒకటి తీసుకో. శాక్సోఫోన్ మెడలోనే ఉండనీ, వాయించకు. పాదంతో తాళం వేస్తూ రెండు బార్ల మాట, అంటే చిన్న స్వరాల ముక్క, ఒకటి పాడు. గొంతు బాగుండక్కర్లేదు, శ్రుతి దాదాపుగా నిలిస్తే చాలు. ఇప్పుడు అదే మాటను వాద్యం మీద వెతుకు. మొదట్లో మూడు నాలుగుసార్లు తప్పుతావు. దొరికాక ఇంకో రెండు బార్లు పాడు, మళ్లీ వెతుకు. మొదటి వారం ఒక్క కోరస్ పూర్తి కావడానికే అరగంట పట్టవచ్చు. నువ్వు పాడేవి నువ్వు వాయించేవాటికంటే చాలా సాదాగా ఉంటాయి. అది చూసి దిగులు పడకు. ఆ సాదా మాటల్లో మొదలూ ముగింపూ ఉంటాయి, మధ్యలో నిశ్శబ్దం ఉంటుంది, ఒక మాటకు ఇంకో మాట జవాబుగా వస్తుంది. గొంతుతో పాడేటప్పుడు ఎవరూ స్కేల్ మొత్తం ఎక్కి దిగరు కదా. కొన్ని వారాలకు నీ పాటకూ వేళ్లకూ మధ్య దూరం తగ్గుతుంది. అప్పుడు గొంతు మూసుకుని మనసులోనే పాడుతూ వాయించు.

సోలో తీసుకోబోయే పాటను ముందు పాటగా నేర్చుకోవాలని కూడా గుర్తుంచుకో. కార్డుల (కలిపి మోగే స్వరాల గుంపుల) చార్టు మాత్రమే చూసి దూకే అలవాటు నీకూ ఉందని రికార్డింగ్‌లో తెలుస్తోంది. జాజ్ శాక్సోఫోన్ వాద్యకారుడు లెస్టర్ యంగ్ తాను వాయించే పాటల సాహిత్యం తెలుసుకుని వాయించేవాడు. ఆల్టో కంటే కింది శ్రుతిలో మోగే టెనర్ శాక్సోఫోన్ మీద ఆయన పలికే ప్రతి మాట వెనక ఆ పదాలు ఉన్నట్టే ఉంటుంది. పాట ట్యూన్‌ను కాగితం చూడకుండా, నీకు నచ్చే ధ్వనితో, మూడు నాలుగు శ్రుతుల్లో వాయించగలిగితే సగం సోలో నీ చేతిలో ఉన్నట్టే. ఏం తోచనప్పుడు తిరిగి రావడానికి ఇల్లంటూ ఒకటి ఉంటుంది.

స్వరాల లెక్క అసలు వద్దనడం లేదు. చెవికి దారి చూపించే లెక్క ఒకటుంది, దాన్ని గట్టిగా పట్టుకో. శాక్సోఫోన్ స్వరాల పేర్లు పియానో స్వరాల పేర్లతో కలవవు కాబట్టి, బ్యాండ్ వాళ్లు ఎఫ్ బ్లూస్ అంటే ఆల్టో మీద మనకు అది డి. టెనర్ అయితే జి. మామూలు బ్లూస్‌లో 12 బార్లకు మూడే కార్డులు. మనకు అవి డి7, జి7, ఏ7. డి7లో మూడో స్వరం ఎఫ్ షార్ప్, ఏడో స్వరం సి. 5వ బార్‌లో జి7 వస్తుంది. దాని మూడో స్వరం బి, ఏడో స్వరం ఎఫ్. పక్కపక్కన పెట్టి చూడు. ఎఫ్ షార్ప్ అర మెట్టు దిగితే ఎఫ్, సి అర మెట్టు దిగితే బి. కార్డు మారిందని వినేవాళ్లకు గట్టిగా తెలిపేది ఈ అర మెట్టే. పియానో, బేస్ ఏవీ లేకుండా నువ్వొక్కడివే 4వ బార్ చివర ఎఫ్ షార్ప్, 5వ బార్ మొదట్లో ఎఫ్ వాయించు. లేని బ్యాండ్ వినిపిస్తుంది. నీ రికార్డింగ్‌లో ఆ చోట ఎనిమిదిసార్లూ ఒకే బ్లూస్ స్కేల్ అడ్డంగా సాగిపోయింది. అందుకే 12 బార్లూ కిటికీ లేని గోడలా ఉన్నాయి.

ఒక వారం పాటు ఒక్కో కార్డుకు ఈ రెండు స్వరాలే వాయించు, నిడివిగా, తొందర లేకుండా. తర్వాత వాటిని చుట్టి రావడం నేర్చుకో. ఎఫ్ షార్ప్ చేరాలనుకుంటే ముందు పైనున్న జి తాకి, కిందున్న ఎఫ్ తాకి, అప్పుడు ఎఫ్ షార్ప్ మీద దిగు. బీబాప్ (వేగంగా సాగే జాజ్ శైలి) వాయిద్యకారుల మాటల్లో ఈ చుట్టు అడుగడుగునా వినిపిస్తుంది. ఇందులో నీకు పెద్ద ధైర్యం కూడా దొరుకుతుంది. తప్పు స్వరం పడితే సరైనది దాదాపు ఎప్పుడూ అర మెట్టు దూరంలోనే ఉంటుంది. కంగారుపడి ఆపేయకుండా అక్కడికి జారిపో, వినేవాళ్లకు అది కావాలని చేసినట్టే ఉంటుంది.

ఇప్పుడు అన్నిటికంటే ఎక్కువ శ్రమ, ఎక్కువ ఫలితం ఉన్న పని చెబుతాను. ఎవరిదైనా ఒక్క సోలోను చెవితో విని పూర్తిగా పట్టుకో. అచ్చులో దొరికే నొటేషన్ చూడకు. జాజ్ దిగ్గజం చార్లీ పార్కర్‌కు 16 ఏళ్లున్నప్పుడు, 1937 వేసవిలో, అమెరికాలోని ఓజార్క్ కొండల్లో ఉన్న ఒక రిసార్ట్‌లో బ్యాండ్‌తో పనికి వెళ్లాడు. వెంట జాజ్ బ్యాండ్ నాయకుడు కౌంట్ బేసీ రికార్డులు తీసుకెళ్లి, వాటిలో లెస్టర్ యంగ్ సోలోలు నేర్చుకున్నాడు. యంగ్‌ది టెనర్, పార్కర్‌ది ఆల్టో. కాబట్టి వేళ్లు చూసి కాపీ కొట్టే వీలు లేదు, ధ్వనిని చెవితో పట్టుకుని తన వాద్యం మీదికి తెచ్చుకోవలసిందే. తర్వాత పార్కర్ వాయించింది వింటే యంగ్ లాగా ఉండదు. నీకున్న భయానికి ఇదే నా జవాబు. “ఇంకొకరిది నేర్చుకుంటే నా గొంతు పోతుందేమో” అని రాశావు. కథలు రాసేటప్పుడు కూడా ఇదే అడిగావు. నీకు నచ్చిన రచయిత పేరా ఒకటి చేత్తో ఎత్తి రాసి చూడమన్నాను, గుర్తుందా? వాక్యం ఎక్కడ విరిగిందో, ఎందుకు విరిగిందో కంటితో చదివినప్పుడు తెలియలేదని, చేత్తో రాసినప్పుడు తెలిసిందని నువ్వే చెప్పావు. ఇక్కడా అంతే.

పెద్దది తీసుకోకు. 12 బార్లు చాలు. వేగం సగానికి తగ్గించి శ్రుతి మారకుండా వినిపించే యాప్‌లు ఇప్పుడు ఉన్నాయి, వాడుకో. ముందు ఆ 12 బార్లు రికార్డుతో కలిసి తప్పు లేకుండా పాడగలగాలి. అంతవరకు వాద్యం ముట్టుకోకు. తర్వాత రెండేసి బార్లుగా వాయించు. స్వరాలు వచ్చేశాయని వదిలేయకు, అసలు పని అప్పుడే మొదలవుతుంది. ఆయన ఏ స్వరాన్ని నాలుకతో కొట్టాడు, దేన్ని జార్చాడు, ఏది మింగేశాడు, బీట్‌కు ఎంత వెనకగా కూర్చున్నాడు, ఎక్కడ ఊపిరి తీసుకున్నాడు అన్నీ పట్టుకో. రికార్డుతో కలిపి వాయిస్తే నీ శాక్సోఫోన్ అందులో కలిసిపోయి వేరుగా వినిపించకూడదు. నాకు మొదటి 12 బార్లకు రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలల్లో నేర్చుకున్నంత, అంతకు ముందు ఆరేళ్లలో నేర్చుకోలేదు. పట్టుబడ్డాక అందులో నీకు బాగా నచ్చిన రెండు బార్లు విడిగా తీసి 12 శ్రుతుల్లోకీ మార్చు. చివరికి దాని లయ మాత్రం ఉంచి స్వరాలు మార్చు, ఇంకోసారి స్వరాలు ఉంచి లయ మార్చు. అక్కడి నుంచి అది నీ మాట అవుతుంది.

నాలుక గురించి ఒక ముక్క. నీ ఎయిత్ నోట్స్ (బీట్‌కు రెండేసి వచ్చే స్వరాలు) కుట్టుమిషన్‌లా ఉన్నాయి, ప్రతి స్వరాన్నీ నాలుకతో ఒకే బలంతో కొడుతున్నావు. బీట్‌ల మధ్య వచ్చే స్వరాన్ని కొట్టి, బీట్ మీద పడే స్వరానికి దాన్ని కలిపేసి చూడు. తాళం కొట్టే మెట్రోనోమ్‌ను 2, 4 బీట్‌ల మీద పెట్టుకుని ఒక మేజర్ స్కేల్ అలా వాయిస్తే చాలు, స్వింగ్, అంటే జాజ్‌కు ఉండే ఆ ఊగే నడక, దానంతటదే రావడం మొదలవుతుంది.

లయ సంగతి వచ్చింది కాబట్టి, నాకు ఎంతో ఇష్టమైన సాధన ఒకటి నీకిస్తాను. ఒకే స్వరంతో ఒక కోరస్ మొత్తం సోలో చెయ్యి. ఒక్కటే స్వరం. మొదటి రెండు బార్లకే చేతులు కట్టేసినట్టు అనిపిస్తుంది. ఓర్చుకో. పొడుగ్గా పట్టడం, చిన్నగా తుంచడం, మెల్లగా మొదలై పెరగడం, రెండు బార్లు ఊరుకుని ఆఖరి బీట్ మీద ఒక్కసారి పలకడం, ఇలా ఒక్కొక్కటీ దొరుకుతాయి. మర్నాడు రెండు స్వరాలు తీసుకో. ఆ మర్నాడు మూడు. స్వరాల కరువు వచ్చినప్పుడే లయ నోరు విప్పుతుంది.

ఊపిరిని కూడా శత్రువులా చూడకు. పియానో వాయించేవారు ఆగకుండా గంట వాయించగలరు. మనం ఆగక తప్పదు, అది మనకు దొరికిన వరం. ఊపిరి ఎక్కడ తీసుకుంటావో అక్కడ కామా పడుతుంది. కాబట్టి ఊపిరి అయిపోయే దాకా వాయించకు, మాట అయిపోయిన చోట ఆపు. రెండు బార్లు వాయించి రెండు బార్లు ఊరుకుంటూ ఒక వారం సాధన చెయ్యి. ఊరుకున్న ఆ రెండు బార్లలో నీ మాటకు డ్రమ్మర్ ఏం జవాబిచ్చాడో వినబడుతుంది. ఇన్నాళ్లూ ఆయన ఏదో ఒకటి చెబుతూనే ఉన్నాడు.

సోలో మొత్తానికి ఆకారం కావాలంటే టెనర్ వాద్యకారుడు కోల్‌మన్ హాకిన్స్ 1939లో రికార్డు చేసిన ‘బాడీ అండ్ సోల్’ విను. మూడు నిమిషాల రికార్డు, రెండే కోరస్‌లు. అసలు ట్యూన్ మొదటి కొన్ని బార్లలో కనిపించి తర్వాత మాయమవుతుంది. మాట్లాడుతున్నంత మెల్లగా మొదలై, రెండో కోరస్ చివరికొచ్చేసరికి ధ్వనీ ఎత్తూ పెరిగి శిఖరానికి చేరతాయి. నీ సోలో మొదటి బార్‌లోనే శిఖరం మీద ఉంది, ఇక ఎక్కడానికి చోటు లేదు. 8 కోరస్‌లు మానేసి రెండు తీసుకో. నీకున్న అతి పైస్వరాన్ని రెండో కోరస్ 9వ బార్ దాకా దాచిపెట్టు. 

శాక్సోఫోన్ వాద్యకారుడు జాన్ కోల్‌ట్రేన్ 1959లో రికార్డు చేసిన ‘జెయింట్ స్టెప్స్’ మొదలుపెట్టనా అని అడిగావు. ఇప్పుడే వద్దు. ఆ వేగంలో ఆ కార్డులు మారుతుంటే పాడలేవు, పాడలేనిది వాయిస్తే మళ్లీ వేళ్ల చేతికే పగ్గాలు పోతాయి. ముందు బ్లూస్ మీద నీ మాట నీకు వినబడనీ.

బ్యాకింగ్ ట్రాక్ (ముందే రికార్డు చేసిన బ్యాండ్ వాద్యం) వారానికి రెండు రోజులకు మించి వాడకు. అది నువ్వు దారి తప్పినా నీ కోసం ఆగదు, నీ మాటకు జవాబివ్వదు. మిగిలిన రోజుల్లో ఒంటరిగా, మెట్రోనోమ్ ఒక్కటే పెట్టుకుని వాయించు. ఎన్నో బార్‌లో ఉన్నావో లోపల లెక్క నిలవాలి. రోజూ మొదటి పది నిమిషాలు మాత్రం లాంగ్ టోన్స్‌కే (ఒక్కో స్వరాన్ని నిడివిగా పట్టడానికే) ఇవ్వు, కింది స్వరాల నుంచి మొదలుపెట్టి. నీ బి ఫ్లాట్ ఇంకా వణుకుతోంది.

ఎన్ని గంటలు సాధన చెయ్యాలని లెక్కలు వేసుకోకు. తొలి రోజుల్లో మూడు నాలుగేళ్లపాటు రోజుకు 11 నుంచి 15 గంటలు సాధన చేశానని పార్కర్ 1954లో ఒక రేడియో ఇంటర్వ్యూలో చెప్పాడు. టెనర్ వాద్యకారుడు సోనీ రోలిన్స్ అప్పటికే ఎంతో పేరు తెచ్చుకుని కూడా 1959లో కచేరీలు ఆపేసి, రెండేళ్లపాటు న్యూయార్క్‌లోని విలియమ్స్‌బర్గ్ వంతెన మీద సాధన చేశాడు. అది వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. కానీ నీకు ఉద్యోగం ఉంది, రాయాల్సిన కథలున్నాయి. రోజూ గంట దొరికితే చాలు, అందులో ఇరవై నిమిషాలు పాడటానికి పోవాలి. ఇంట్లోవాళ్లు వింటారని సిగ్గుపడి దాన్ని మాత్రం తగ్గించకు.

ఆదివారం ఆదివారం ఒక కోరస్ రికార్డు చేసి, వెంటనే వినకుండా మూడు రోజులాగి విను. రాసిన కథను ఆరబెట్టమన్నట్టే. వాయించిన వేడి చల్లారాక నీ చెవి నిజం చెబుతుంది.

వచ్చే నెల నాకు రెండు రికార్డింగ్‌లు పంపు. ఒకే బ్లూస్, ఒక్కో కోరస్. మొదటి దాంట్లో వాద్యం వద్దు, నీ గొంతు, పాదంతో వేసే తాళం ఉంటే చాలు. రెండో దాంట్లో అదే కోరస్ ఆల్టో మీద వాయించు. పాడినదే ముందు వింటాను.

మీ అన్నయ్య