మాక్‌బెత్ నోట లాటిన్ మూలాలు

ప్రశ్న: మా అమ్మాయి ఇంగ్లీషు పదసంపద పెంచుకోవడానికి మూడు నెలలుగా లాటిన్ ధాతువుల పట్టికను బట్టీ పడుతోంది. ఒప్పజెప్పమంటే తడుముకోకుండా చెబుతుంది గానీ, అదే ధాతువు ఉన్న కొత్త పదం ఎదురైతే పోల్చుకోలేదు. పట్టిక పక్కన పెట్టి షేక్‌స్పియర్ ‘మాక్‌బెత్’ చదివించమని ఒకరు సలహా ఇచ్చారు. నాలుగు వందల ఏళ్ల నాటి నాటకం ఇప్పటి పదాలు నేర్పుతుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: నేర్పుతుంది, నాటకాన్ని నిఘంటువులా చదివించకపోతే. పట్టికలోని ధాతువుకు మనిషి లేడు, సందర్భం లేదు. నాటకంలో ఆ రెండూ ఉంటాయి కనుక పదం మనసుకు పట్టుకుంటుంది.

రెండో అంకం రెండో రంగం చూడండి. నిద్రపోతున్న డంకన్ రాజును చంపి వచ్చిన మాక్‌బెత్, నెత్తురంటిన తన చేతిని సముద్రాలన్నీ కలిసినా కడగలేవనీ, ఆ చెయ్యే సముద్రాలను ఎర్రబారుస్తుందనీ అంటాడు. అక్కడ రెండు బరువైన పదాలు వస్తాయి: ‘మల్టిట్యూడినస్’, ‘ఇన్‌కార్నడైన్’. మొదటిదానిలో ఉన్నది ‘అనేకం’ అనే అర్థమున్న లాటిన్ ‘ముల్టుస్’. మల్టిప్లై, మల్టిపుల్ కూడా ఆ కుదురువే. రెండోది ఇటాలియన్, ఫ్రెంచి భాషల మీదుగా వచ్చినా దాని మూలం ‘మాంసం’ అనే అర్థమున్న ‘కార్నిస్’. మాంసాహారి అయిన కార్నివోర్, ఊచకోత అనే అర్థమున్న కార్నేజ్, అవతారాన్ని తెలిపే ఇన్‌కార్నేషన్ అన్నీ దాని సంతతే. ఇన్‌కార్నడైన్ అంటే మొదట ఒంటి రంగు, అంటే లేత గులాబీ. అది నెత్తుటి ఎరుపు కావడానికి ఈ వాక్యమే ముఖ్య కారణం.

నాకు అంతకన్నా ముచ్చటగా తోచేది ఆ వెంటనే వచ్చే పాదం. ‘పచ్చని దాన్ని ఒకటే ఎరుపు చేస్తూ’ అనే ఆ మాటల్లో లాటిన్ వాసనే లేదు. అన్నీ పసిపిల్లలు పలికే పొట్టి ఇంగ్లీషు పదాలు. పెద్ద పదం వేసి దాని వివరణ కూడా కవే చెప్పినట్టుంటుంది. ఈ రెండు పాదాలనూ మీ అమ్మాయి చేత పైకి చదివించండి, తేడా చెవికే తెలుస్తుంది.

ఇక మొదటి అంకం ఏడో రంగంలో, హత్యకు ముందు మాక్‌బెత్ తనలో తాను తర్కించుకునే చోట ‘కాన్సిక్వెన్స్’, ‘సక్సెస్’ అనే పదాలున్నాయి. మొదటిదానికి మూలం ‘వెంబడించు’ అనే అర్థమున్న ‘సెక్వి’. సీక్వెల్, సీక్వెన్స్ అక్కడివే. మన ‘సచివుడు’లోని ‘సచ్’ ధాతువు దీనికి దూరపు చుట్టం. సక్సెస్‌లో ఉన్నది ‘వెళ్లు’ అనే అర్థమున్న ‘కేడెరె’. ఆ కాలంలో సక్సెస్ అంటే గెలుపే కానక్కరలేదు, ఒక పని వెనుక వచ్చే ఫలితం, మంచైనా చెడైనా.

అదే చోట రెండు ఉచ్చులూ ఉన్నాయి. ‘ముగింపు’ అనే అర్థమున్న ‘సర్సీస్’ పదం ‘ఆగు’ అనే అర్థమున్న సీస్‌కు తోబుట్టువులా కనిపిస్తుంది కానీ, అది ఫ్రెంచి ద్వారా ‘కూర్చొను’ అనే అర్థమున్న లాటిన్ ‘సెడేరె’ నుంచి వచ్చింది. మన ‘సదస్సు’ కూడా ఆ వంశానిదే. సీస్‌తో ఉన్న పోలికే దాని రూపాన్ని మార్చింది. ‘అసాసినేషన్’ మూలమైతే లాటినే కాదు, అరబ్బీ. ఒకేలా కనిపించే పదాలన్నీ చుట్టాలేననీ, పొడుగ్గా గంభీరంగా ఉన్న ప్రతి పదమూ లాటినేననీ అనుకునే పిల్లలకు ఈ రెండూ మంచి మందు.

కాబట్టి ముందు కథను వచనంలో చదివించి, వీలైతే ప్రదర్శన చూపించి, ఆ తరువాతే అడుగున అర్థాలిచ్చిన ప్రతిని చేతికివ్వండి. రంగానికి నాలుగైదు పదాలు మించవద్దు. నోటు పుస్తకంలో ధాతువుకొక పుట కేటాయించి, ఆ పదం ఎవరు, ఏ స్థితిలో అన్నారో ముందు రాయించి, దాని కింద ఇప్పటి వాడుకలోని చుట్టాలను చేర్చమనండి. ఊహించినదాన్ని నిఘంటువులో సరిచూశాకే సిరాతో రాయాలి. సర్సీస్ వంటి వాడుక తప్పిన పదాలను గుర్తుపడితే చాలు, బట్టీ అక్కరలేదు. పాత పట్టికను పారేయకండి, రంగం పూర్తయ్యాక సరిచూసుకోవడానికి పనికొస్తుంది.