మ్యూనిక్‌లో ఉద్యోగం: పిల్లలతో ఎప్పుడు బయల్దేరాలి?

ప్రశ్న: మాది హైదరాబాద్. మావారు పన్నెండేళ్లుగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్నారు. మ్యూనిక్‌లోని ఒక కంపెనీ ఏడాదికి 68,000 యూరోల జీతంతో ఆఫర్ ఇచ్చింది. ఏప్రిల్ 1న చేరమంటున్నారు. బాబుకి ఎనిమిదిన్నరేళ్లు, మూడో తరగతి చదువుతున్నాడు. పాపకి మూడేళ్లు. నేను ఎం.కామ్ చేసి ఒక కంపెనీ అకౌంట్స్ విభాగంలో పదేళ్లుగా పనిచేస్తున్నాను. అందరం కలిసే వెళ్లాలా, ఆయన వెళ్లి కుదురుకున్నాక ఏడాదికో రెండేళ్లకో మేం వెళ్లాలా? నా ఉద్యోగం మానేయవచ్చా? అత్తయ్యగారు మా దగ్గరే ఉంటారు.

జవాబు: ఆయన ఏప్రిల్ 1కల్లా వెళ్లాలి. మీరూ పిల్లలూ ఆగస్టులో వెళ్లాలి. 'కుదురుకున్నాక' అంటూ ఏడాది ఆగడం మీ ఇంటి పరిస్థితికి మంచిది కాదు. ఈ మాట జీతం చూసి చెప్పడం లేదు, మీ బాబు తరగతి చూసి చెబుతున్నాను.

మ్యూనిక్ బవేరియా రాష్ట్రంలో ఉంది. అక్కడ ప్రాథమిక పాఠశాల నాలుగో తరగతితో ముగుస్తుంది. ఆ ఏడాది మే మొదట్లో పిల్లల చేతికి ఒక ధ్రువపత్రం ఇస్తారు. జర్మన్ భాష, గణితం, పరిసరాల విజ్ఞానం, ఈ మూడింటి గ్రేడ్ల సగటు 2.33 లేదా అంతకన్నా మెరుగ్గా ఉంటే గిమ్నాజియం, 2.66 వరకు ఉంటే రియాల్‌షూలె, ఆపైన మిట్టెల్‌షూలె. ఈ మూడూ ప్రాథమిక పాఠశాల తర్వాత చేరే మూడు రకాల బడులు. అక్కడ 1 అంటే అన్నిటికన్నా మంచి గ్రేడు, మన లెక్కకు తలకిందులు. నేరుగా యూనివర్సిటీకి తీసుకెళ్లే దారి గిమ్నాజియం. బాబు ఈ సెప్టెంబరులో మూడో తరగతిలో చేరితే ఆ నిర్ణయానికి దాదాపు ఇరవై నెలలు ఉంటాయి. ఏడాది ఆగి వెళితే ఎనిమిది నెలలే మిగులుతాయి. జర్మన్ అక్షరం రాని పిల్లవాడికి ఎనిమిది నెలలు చాలవు. బయటి దేశం నుంచి ఆలస్యంగా చేరిన పిల్లలకు కొంత వెసులుబాటు ఉంది, మూడు రోజుల ప్రవేశ పరీక్ష రాసే దారీ ఉంది. మిట్టెల్‌షూలెకి, రియాల్‌షూలెకి వెళ్లినవాళ్లు తర్వాత పైచదువులకు మారే మార్గాలూ ఉన్నాయి. కానీ అవన్నీ చుట్టుదారులు. నేరుగా వెళ్లే అవకాశం చేతిలో ఉండగా వాటి మీద ఆధారపడటం ఎందుకు?

ఇక్కడ మూడో తరగతి పూర్తయింది కాబట్టి అక్కడ నాలుగులో వేయమని అడగకండి. భాష రాని బాబుకి మూడో తరగతే మేలు, అదే అడగండి. 'ఒక ఏడాది వెనక్కి పోయింది' అని బాధపడే తల్లిదండ్రులు చాలామంది ఉంటారు. ఇక్కడ ఆ ఏడాది నష్టం కాదు, భాష నేర్చుకోవడానికి దొరికిన గడువు. కొత్తగా వచ్చిన పిల్లల కోసం బవేరియా బడుల్లో ప్రత్యేక జర్మన్ తరగతులు ఉంటాయి. మీ వీధికి ఏ బడి వస్తుందో ఇంటి చిరునామాను బట్టి తేలుతుంది. ఇంటర్నేషనల్ స్కూలు గురించి ఎవరైనా చెబితే ముందు ఫీజు అడగండి. ఏడాదికి పదిహేను ఇరవై వేల యూరోలు మామూలే, ఇద్దరు పిల్లలకు కట్టాలంటే ఈ జీతం చాలదు. ప్రభుత్వ బడిలో ఫీజు లేదు. ఇంట్లోనే చదివించడానికి మాత్రం చట్టం ఒప్పుకోదు.

ఏప్రిల్‌లో ఇక్కడ బడి ముగుస్తుంది. ఆగస్టు వరకు బాబు, మీరు రోజుకో గంటన్నర జర్మన్ మీద కూర్చోండి. హైదరాబాద్‌లో జర్మన్ నేర్పే గోథె సెంట్రుమ్ ఉంది. భాషలో మెట్లు ఎ1, ఎ2, బి1, బి2 అని వరుసగా పెరుగుతాయి. ఈ కొద్ది నెలల్లో ఎ1 పూర్తి చేసి ఎ2 మొదలుపెట్టగలరు.

ఇప్పుడు డబ్బు సంగతి. 68,000ను నూటితో గుణించి '68 లక్షలు' అనుకోవద్దు. పన్ను, పింఛను, ఆరోగ్య బీమా, నిరుద్యోగ బీమా పోగా నెలకు చేతికొచ్చేది వేరు. జీతంలో పన్ను ఎంత కోయాలో అక్కడ 'పన్ను తరగతి'ని బట్టి తేలుస్తారు. భార్యాపిల్లలు ఇండియాలో ఉన్నంతకాలం ఆయన్ను ఒకటో పన్ను తరగతిలో వేస్తారు. నెలకు 3,450 నుంచి 3,500 యూరోలు చేతికొస్తాయి. మీరు అక్కడికి చేరి నమోదు చేసుకున్నాక మూడో పన్ను తరగతికి మార్చమని అడిగితే అది సుమారు 3,900 అవుతుంది. పిల్లల భత్యం 2026లో ఒక్కొక్కరికి నెలకు 259 యూరోలు, అంటే ఇద్దరికి 518. ఇది దానంతట అదే రాదు, దరఖాస్తు పెట్టాలి. ఆలస్యమైతే వెనకటి ఆరు నెలల వరకే ఇస్తారు.

మొత్తం 4,400 అనుకుందాం. మ్యూనిక్‌లో నలుగురికి సరిపోయే ఇల్లు హీటింగ్, నీళ్లతో కలిపి 1,800 నుంచి 2,300 వరకు ఉంటుంది, శివార్లలో కొంత తక్కువ. అక్కడ 'మూడు గదుల ఇల్లు' అంటే హాలు, రెండు పడకగదులు; వంటగదిని లెక్కలో వేయరు. ప్రకటనలో 'కాల్ట్' అని ఉంటే ఉత్త అద్దె, 'వార్మ్' అంటే హీటింగ్‌తో సహా. కరెంటు మాత్రం ఎక్కువచోట్ల విడిగానే కట్టుకోవాలి. కరెంటు, ఇంటర్నెట్‌కు 130, ఇంటికి తప్పనిసరి ప్రసార రుసుము 18.36, దేశమంతా తిరిగే రవాణా పాసు ఒక్కొక్కరికి 63, సరుకులకు 650, పాప కిండర్‌గార్టెన్‌కు చోటును బట్టి కొంత. అన్నీ పోగా వెయ్యి యూరోలకు అటూఇటూ మిగులుతుంది. హైదరాబాద్‌లో మీ ఇద్దరి జీతాల మీద నెలకు ఎంత మిగులుతోందో దాని పక్కన రాసి చూసుకోండి. మొదటి రెండేళ్లు ఇక్కడే ఎక్కువ మిగులుతుందని తేలవచ్చు. తేలితే కంగారు పడొద్దు. మీకు ఉద్యోగం దొరికే వరకు అంతే.

అసలు కష్టం మొదటి మూడు నెలల్లో వస్తుంది. అద్దె ఇంటికి డిపాజిట్‌గా మూడు నెలల ఉత్త అద్దె దాకా అడగవచ్చు. చట్ట ప్రకారం దాన్ని మూడు వాయిదాల్లో కట్టుకోవచ్చు. చాలా ఇళ్లలో వంటగది ఖాళీగా, గోడలకు పైపులు మాత్రమే ఉండి అప్పగిస్తారు. సింకు, పొయ్యి, అల్మారాలు కొనుక్కోవాలి, అదే రెండు మూడు వేల యూరోలు. సొంత ఇల్లు దొరికే వరకు ఫర్నిచర్‌తో ఉన్న తాత్కాలిక ఇంటికి నెలకు రెండున్నర వేలు పోతాయి. విమానం టికెట్లు కాకుండా 12,000 నుంచి 15,000 యూరోలు చేతిలో ఉంచుకోండి.

అందుకే ఆఫర్ మీద సంతకం చేసే ముందు ఆయన హెచ్‌ఆర్‌ని కొన్ని అడగాలి. రెండు మూడు నెలల తాత్కాలిక వసతి, నలుగురి టికెట్లు, ఇల్లు వెతికిపెట్టే ఏజెన్సీ ఖర్చు ఇస్తారా? ఇస్తే అది నోటిమాటగా కాదు, ఒప్పందంలో రాసి ఉండాలి. ఏడాదిలోనో రెండేళ్లలోనో మానేస్తే ఆ ఖర్చు తిరిగి కట్టాలనే షరతు ఉందేమో చూసుకోవాలి. ఒప్పందానికి గడువు ఉందా, శాశ్వతమా అన్నది మరీ ముఖ్యం. ఇల్లు ఇచ్చేవాళ్లు కూడా ఇదే అడుగుతారు.

ఆయన్ను ముందు పంపమనడానికి ఇంకో కారణం ప్రొబేషన్. అక్కడ సాధారణంగా ఆరు నెలలు. ఆ కాలంలో రెండు వారాల నోటీసుతో ఉద్యోగం తీసేయవచ్చు. నిరుద్యోగ భృతి రావాలంటే కనీసం 12 నెలలు చందా కట్టి ఉండాలి. అంటే మొదటి ఏడాది కింద వల లేదు. ఏప్రిల్‌లో చేరితే ప్రొబేషన్ సెప్టెంబరు చివరికి పూర్తవుతుంది. ఆగస్టుకల్లా అక్కడ ఆయన పరిస్థితి ఎలా ఉందో చాలావరకు తెలిసిపోతుంది, బడి సెప్టెంబరు మధ్యలో తెరుస్తారు. ఈలోగా ఆయన ఇల్లు చూసుకోవచ్చు, పాప పేరును కిండర్‌గార్టెన్ సీటు కోసం మ్యూనిక్ నగరపాలక సంస్థ వెబ్‌సైటు కిటా ఫైండర్‌లో నమోదు చేయవచ్చు. మూడేళ్ల పాపకు కిండర్‌గార్టెన్ సీటు చట్టం ఇచ్చిన హక్కే, కానీ సీట్ల కొరత ఉంది. ఇల్లు చూడకుండా డబ్బు పంపమనే ప్రకటన ఎంత అందంగా ఉన్నా మోసమే అనుకోండి.

వీసాకు వద్దాం. 2026లో బ్లూ కార్డుకు, అంటే డిగ్రీ ఉన్న విదేశీ ఉద్యోగులకు ఇచ్చే నివాస అనుమతికి, కనీస జీతం 50,700 యూరోలు, కొరత ఉన్న వృత్తులకు 45,934.20. ఆయన జీతం దానికి చాలా పైనే ఉంది. అడ్డుపడితే డిగ్రీ దగ్గరే పడుతుంది. అనాబిన్ అనే జర్మన్ డేటాబేసులో ఆయన యూనివర్సిటీకి 'హెచ్ ప్లస్' (గుర్తింపు ఉంది) అని ఉందా, ఆ డిగ్రీ జర్మన్ డిగ్రీకి సమానమని ఉందా చూడాలి. వెతకాల్సింది కాలేజీ పేరు కాదు, పట్టా మీద ఉన్న యూనివర్సిటీ పేరు. అక్కడ దొరక్కపోతే జర్మనీలోని జడ్‌ఏబీ సంస్థ నుంచి సమానత్వ పత్రం తెప్పించుకోవాలి, రుసుము 208 యూరోలు. వీసా స్లాట్ దగ్గరికొచ్చాక ఈ విషయం బయటపడితే చేరే తేదీ జారిపోతుంది. కంపెనీ 411 యూరోలు కట్టి త్వరిత పద్ధతిలో దరఖాస్తు చేయవచ్చు. కుటుంబ వీసాలను కూడా అందులోనే కలపమని ఇప్పుడే అడగండి.

బ్లూ కార్డు ఉన్నవారి భార్యకు వీసా కోసం జర్మన్ పరీక్ష అవసరం లేదు. చేరిన రోజు నుంచే ఏ ఉద్యోగమైనా చేయవచ్చు. మీకు ఇబ్బంది వచ్చేది కాగితాల్లోని పేర్లతో. మన పెళ్లి సర్టిఫికెట్లలో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. పిల్లల జనన ధ్రువపత్రంలో పేరు గడి ఖాళీగా ఉండిపోతుంది, ఆసుపత్రిలో పుట్టినప్పుడు పేరు పెట్టలేదు కాబట్టి. మీసేవలో పేరు చేర్పుకు ఇవాళే దరఖాస్తు పెట్టండి. పెళ్లి రిజిస్టర్ కాకపోతే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చేయించుకోండి, ఇద్దరి పేర్లూ పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయించండి. మీ పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరే ఉంటే దాన్ని మార్చుకోనక్కర్లేదు. కానీ సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటే సరిచేయించుకోండి. అపోస్టిల్ (కాగితం విదేశంలో చెల్లేందుకు వేసే ప్రభుత్వ ముద్ర) వేయిస్తామనే ఏజెంటుకు డబ్బు కట్టే ముందు మీ వీసా చెక్‌లిస్టులో అది అడిగారో లేదో చూసుకోండి. పిల్లల టీకా కార్డులు జాగ్రత్తగా పెట్టుకోండి. తట్టు టీకా రెండు డోసులు వేసినట్టు రుజువు లేకపోతే కిండర్‌గార్టెన్‌లో చేర్చుకోరు, బడిలోనూ అడుగుతారు.

అక్కడికి చేరాక ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు చిరునామా నమోదు చేయాలి. ఇంటి యజమాని సంతకం చేసిన పత్రం కావాలి. దాని తర్వాతే పన్ను నంబరు వస్తుంది. అది రాకపోతే కంపెనీ ఆరో పన్ను తరగతి కింద పన్ను కోసి జీతం బాగా తగ్గించవచ్చు. తర్వాత సర్దుబాటు చేస్తారు, కానీ ఆ నెల ఇబ్బందే. ఆరోగ్య బీమా ప్రభుత్వ పద్ధతిలోనే తీసుకోండి. ఆదాయం లేని భార్య, పిల్లలు అదనపు చందా లేకుండా అందులోకి వస్తారు. 2026లో ఏడాదికి 77,400 యూరోలు దాటినవాళ్లే ప్రైవేటుకు మారగలరు. ఆయన జీతం రేపు ఆ గీత దాటితే ప్రైవేటు బీమా చవక అని చెప్పేవాళ్లు వస్తారు. అక్కడ ఒక్కొక్కరికి విడి ప్రీమియం, పైగా మళ్లీ ప్రభుత్వ బీమాలోకి రావడం కష్టం.

ఇక మీ ఉద్యోగం. ఇప్పుడే రాజీనామా చేయొద్దు. ఆగస్టు నుంచి ఆరు నెలలో ఏడాదో జీతం లేని సెలవు ఇస్తారేమో అడగండి. మీ కంపెనీకి జర్మనీలో శాఖ ఉంటే అక్కడికి బదిలీ అడగండి. 'అక్కడి నుంచే ఆన్‌లైన్లో ఇక్కడి పని చేస్తాను' అన్న ఏర్పాటును మాత్రం కంపెనీ రాతపూర్వకంగా ఒప్పుకుని, పన్ను, సామాజిక భద్రత చందాల సంగతి తేల్చితే తప్ప మొదలుపెట్టకండి. జర్మనీలో కూర్చుని చేసిన పనికి పన్ను జర్మనీకే కట్టాలి. తెలియకుండా చేసి పట్టుబడితే మీ మీదా, కంపెనీ మీదా పడుతుంది.

అక్కడి చిన్న కంపెనీల అకౌంట్స్‌లో చట్టం, సాఫ్ట్‌వేర్, ఇన్వాయిసు అన్నీ జర్మన్‌లో ఉంటాయి. బి2 లేకుండా ఆ ఉద్యోగాలు రావడం అరుదు. అంతర్జాతీయ కంపెనీల్లో ఎస్‌ఏపీ అనే సాఫ్ట్‌వేర్ మీద చేసే ఫైనాన్స్, గ్రూప్ రిపోర్టింగ్ పనులు ఇంగ్లిష్‌తోనే దొరుకుతాయి. మీకు ఎస్‌ఏపీ అనుభవం ఉంటే రెజ్యూమేలో మొదటి వరుసలో రాయండి. లేకపోతే ఈ నాలుగు నెలల్లో జర్మన్‌తో పాటు అదీ నేర్చుకోండి. వెళ్లాక సర్కారు నడిపే ఇంటిగ్రేషన్ కోర్సు, 600 గంటల భాష, 100 గంటల దేశ పరిచయం, బి1 దాకా తీసుకెళ్తుంది. పాప కిండర్‌గార్టెన్ కుదిరిన వారమే అందులో చేరండి. మీరు ఉద్యోగంలో చేరిన రోజు పన్ను తరగతి గురించి మళ్లీ మాట్లాడుకోండి. ఆయన మూడులో ఉంటే మీరు ఐదులో పడతారు, చేతికొచ్చే జీతం చాలా చిన్నగా కనిపిస్తుంది. ఇద్దరూ నాలుగులో ఉండే పద్ధతి కూడా ఉంది. కాగితం మీద ఎ1 ఉన్నా ఆయనకు శాశ్వత నివాసం 27 నెలలకు వస్తుంది, బి1 ఉంటే 21 నెలలకే. కాబట్టి ఆయన్ని కూడా తరగతిలో కూర్చోబెట్టండి.

ఇక్కడ ముగించాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. ఆయన సేవింగ్స్ ఖాతాను ఎన్‌ఆర్‌ఓగా (విదేశాల్లో ఉండేవారి ఖాతాగా) మార్చాలి, మ్యూచువల్ ఫండ్ల కేవైసీ మార్చాలి. మార్చి చివర్లో బయల్దేరితే కొత్త ఆర్థిక సంవత్సరమంతా ఆయన నాన్ రెసిడెంటు అవుతారు. మీరు ఆగస్టు వరకు ఇక్కడే ఉంటారు కాబట్టి మీ లెక్క వేరే, మీ రిటర్ను ఆడిటరుకి చూపించండి. ఇండియన్ డ్రైవింగ్ లైసెన్సు అక్కడ ఆరు నెలలే చెల్లుతుంది. ఆ తర్వాత రాత పరీక్ష, రోడ్డు పరీక్ష రెండూ తప్పవు.

అత్తయ్యగారి విషయం ఇవాళే మాట్లాడుకోండి, ఆగస్టులో కాదు. సందర్శక వీసా మీద ప్రతి 180 రోజుల్లో 90 రోజులు వచ్చి ఉండవచ్చు. 2024 మార్చి 1 తర్వాత మొదటిసారి బ్లూ కార్డు పొందినవారు తల్లిదండ్రులను, అత్తమామలను శాశ్వతంగా తెచ్చుకునే దారి కూడా చట్టంలో ఉంది. అయితే పెద్దవాళ్ల ఖర్చుతో పాటు పూర్తి ఆరోగ్య బీమా చూపించాలి. కుటుంబ బీమాలో వాళ్లు రారు. ఆ వయసులో ప్రైవేటు బీమా దొరకడమే కష్టం, దొరికినా ప్రీమియం భారీగా ఉంటుంది. కాబట్టి మొదటి రెండేళ్లు ఆవిడ ఇక్కడే ఉంటారనుకుని ఏర్పాట్లు చేయండి. ఎవరింట్లో ఉంటారు, రాత్రి ఒంట్లో బాగోకపోతే ముందు ఎవరికి ఫోన్ చేయాలి, ఆసుపత్రిలో సంతకం ఎవరు పెట్టాలి, డబ్బు ఏ ఖాతా నుంచి తీయాలి, ఈ నాలుగూ ఆవిడ ఎదుటే, ఆవిడ మాట విని తేల్చుకుని ఒక కాగితం మీద రాసి ఇవ్వండి.