చిప్ సంగతి తర్వాత, ముందు పాన్ విప్పండి

ప్రశ్న: అన్నగారూ, నమస్తే. నా దగ్గర 1999 డాడ్జ్ రామ్ 2500 ఉంది. 5.9 లీటర్ల కమిన్స్ డీజిల్, నాలుగు గేర్ల ఆటోమేటిక్. 9,000 పౌండ్ల క్యాంపర్ ట్రెయిలర్ తగిలించుకుని ఏడాదికి నాలుగైదుసార్లు కొండల వైపు వెళ్తాం. చదును రోడ్డు మీద ఏ ఇబ్బందీ లేదు. ఎక్కుడు మొదలైతే మాత్రం ఇంజన్ అరుపు పెరుగుతుంది, స్పీడు ఉన్నచోటే ఉంటుంది. పోయిన ట్రిప్పులో పైకి చేరేసరికి కాలిన వాసన కూడా వచ్చింది. పవర్ పెంచే చిప్ వేయిస్తే చాలని ఒక ఫ్రెండ్ అంటున్నాడు. ట్రాన్స్‌మిషన్ మీద డబ్బు పెట్టమని ఇంకో ఫ్రెండ్. ఎవరి మాట వినాలి?

జవాబు: మొదటి ఫ్రెండ్‌తో స్నేహం వదులుకోనక్కర్లేదు గానీ, ఆ చిప్ మాత్రం కొనొద్దు.

మీ బండి తయారైన ఏడాది కంపెనీ ఆ ఇంజన్‌ని రెండు రకాలుగా అమ్మింది. మాన్యువల్ గేర్ల బండిలో 235 హార్స్‌పవర్, 460 పౌండ్-ఫీట్ టార్క్. ఆటోమేటిక్ బండిలో 215, 420. అంతకుముందు వచ్చిన 12 వాల్వుల ఇంజన్‌కీ ఇదే తంతు, ఆటోమేటిక్ కొన్నవాడికి పవర్ తక్కువ. ఇంజన్‌కి చేతకాక కాదు. వెనకున్న 47ఆర్ఈ అనే ట్రాన్స్‌మిషన్ పెట్టె తట్టుకోలేదనే తగ్గించారని మా పనివాళ్లం అందరం చెప్పుకునే మాట. ఇప్పుడు మీరు చిప్ పెట్టి ఆ తగ్గించింది తిరిగి పెంచితే, పెరిగిన బలమంతా ఎక్కడ బద్దలవుతుందో నేను వేరే చెప్పక్కర్లేదు.

మీరు చెప్పిన లక్షణం చూద్దాం. అరుపు పెరిగింది, స్పీడు పెరగలేదు. అంటే ఇంజన్ ఇచ్చిన బలం చక్రాల దాకా పోవడం లేదు, దారిలో ఎక్కడో జారుతోంది. జారిందంతా వేడిగా మారుతుంది. ఇంజన్‌కీ గేర్లకీ మధ్య ఉండే టార్క్ కన్వర్టర్‌లో ఇటొక చక్రం, అటొక చక్రం, మధ్యలో నూనె ఉంటాయి. ఇంజన్ వైపు చక్రం నూనెను చిలుకుతుంది, ఆ తోపుకి అవతలి చక్రం తిరుగుతుంది. బండి ఆగి ఉన్నచోటి నుంచి కదిలేటప్పుడు ఇది చాలా గొప్ప ఏర్పాటు, టార్క్‌ని దాదాపు రెండింతలు చేసి ఇస్తుంది. కానీ ఎక్కుడులో పావుగంటసేపు అలా చిలుకుతూ పోతే వెన్న రాదు, వేడి వస్తుంది. అందుకే లోపల లాకప్ క్లచ్ పెట్టారు. అది పట్టుకుంటే రెండు చక్రాలూ ఒకటైపోతాయి, చిలకడం ఆగుతుంది, ఫ్లూయిడ్ చల్లబడుతుంది. మీ కంపెనీ కన్వర్టర్‌లో ఆ లాకప్‌కి ఉన్నది ఒకే ఒక ప్లేటు. మీ ఇంజన్ టార్క్ మొత్తం చూపించేది 1,600 ఆర్‌పీఎం దగ్గర. సరిగ్గా అక్కడే ఆ ఒక్క ప్లేటు చేతులెత్తేస్తుంది.

మెకానిక్ లేకుండా మీరే ఒక పరీక్ష చేసుకోవచ్చు. బండి వేడెక్కాక, ఖాళీ రోడ్డు మీద 55 మైళ్ల స్పీడులో యాక్సిలరేటర్ కదపకుండా పట్టుకుని, ఎడమ కాలితో బ్రేక్ పెడల్‌ని వెనక బ్రేక్ లైటు వెలిగేంత మాత్రమే తాకండి. బ్రేక్ తాకగానే లాకప్ వదిలేస్తుంది. అంతకుముందు అది పట్టి ఉంటే ఆర్‌పీఎం రెండు మూడు వందలు పైకి లేస్తుంది, కాలు తీస్తే మళ్లీ దిగుతుంది. ముల్లు కదలకపోతే అది అసలు పట్టడమే లేదు. చదునులో పట్టి, ఎక్కుడులో యాక్సిలరేటర్ నొక్కగానే ముల్లు మెల్లగా పైకి పాకుతుంటే పట్టినట్టే పట్టి జారుతోంది. మీది ఈ రెండోదే అయ్యుంటుందని నా అనుమానం.

రోడ్డు మీదికి ట్రెయిలర్ తీసుకెళ్లేముందు పాన్, అంటే పెట్టె అడుగున ఫ్లూయిడ్ నిలిచే పళ్లెం, విప్పండి. ఫ్లూయిడ్ ఒక చుక్క తెల్ల టిష్యూ మీద వేసి చూడండి. ఎర్రగా పరుచుకుంటే మంచిది. గోధుమరంగులో ఉండి చుట్టూ నల్లటి అంచు కడితే మంచిది కాదు. పాన్ అడుగున అయస్కాంతం మీద బూడిదరంగు మెత్తటి బురద ఉంటే కంగారుపడొద్దు, ఇన్నేళ్ల బండికి అది మామూలే. వేళ్ల మధ్య నలిపితే గరగరమనే నల్లటి పొడి ఉంటే అది క్లచ్ ప్లేట్ల మీది పూత. ఎండలో మెరిసే పలుకులుంటే ఎక్కడో లోహమే అరుగుతోంది. మీరు కాలిన వాసన అన్నారు కాబట్టి నల్లపొడి కనిపిస్తుందనే అనుకుంటున్నాను. అలాగైతే పైపై మార్పులు పనికిరావు, పెట్టె దింపి పూర్తిగా విప్పాల్సిందే.

ఈ మాట ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నేనొకసారి తప్పు చేశాను. పని మొదలుపెట్టిన తొలి రోజుల్లో ఒకాయన ఇలాంటి బండే తెచ్చాడు. డబ్బు తక్కువుంది, వాల్వ్ బాడీ (ఫ్లూయిడ్ ప్రెషర్‌ని ఏ గేరుకి ఎంత పంపాలో చూసే భాగం) ఒక్కటే మార్చమన్నాడు. ప్లేట్లు కాలిపోయి ఉన్నాయని వాసనలోనే తెలుస్తోంది. అయినా సరేనన్నాను. కొత్త వాల్వ్ బాడీ ప్రెషర్ పెంచింది, గేర్లు టకటకా పడ్డాయి, ఆయన సంతోషంగా వెళ్లాడు. నెల తిరక్కముందే టో ట్రక్కు మీద వచ్చాడు. పూత పోయిన ప్లేట్లని ఎంత గట్టిగా నొక్కితే మాత్రం ఏం లాభం? రెండోసారి కూలి అడగడానికి నాకు మొహం చెల్లలేదు.

పెట్టె ఎలాగూ దింపుతారు కాబట్టి ఏం వేయించాలో చెబుతాను. నన్నడిగితే మొదటి డబ్బు కన్వర్టర్‌కి. మూడు ప్లేట్ల లాకప్ ఉన్నది, డీజిల్ తక్కువ ఆర్‌పీఎంకి తగ్గట్టు స్టేటర్ (రెండు చక్రాల మధ్య నూనెను మళ్లించే చిన్న చక్రం) బిగువుగా ఉన్నది అడగండి. గ్యాసోలిన్ బండ్ల రేసు కన్వర్టర్ ఎవరైనా అంటగడితే వద్దనండి. అది ఆర్‌పీఎం బాగా పెరిగాక పట్టేది, మీకు కావలసింది దానికి పూర్తిగా వ్యతిరేకం.

దాని తర్వాత వాల్వ్ బాడీ. కంపెనీ నుంచి వచ్చిన దానిలో ప్రెషర్ తక్కువ. గేరు మారడం తెలియకుండా మెత్తగా ఉండాలని అలా పెట్టారు. మెత్తగా మారడమంటే ప్లేట్లు ఎక్కువసేపు ఒరుసుకోవడమే కదా. మంచి వాల్వ్ బాడీ పడ్డాక గేరు మారినప్పుడు నడుముకి చిన్న తోపు తగులుతుంది. ఇంట్లోవాళ్లు 'రిపేరు చేయించాక బండి పాడైంది' అంటారు. అలా ఉండడమే మేలని చెప్పండి.

కొత్త క్లచ్ ప్లేట్లు, కొత్త బ్యాండ్లు సరేసరి. బిల్లెట్ ఇన్‌పుట్ షాఫ్ట్, అంటే కన్వర్టర్ నుంచి బలాన్ని పెట్టెలోకి తెచ్చే ఇరుసులో గట్టి రకం, గురించి షాపులో తప్పకుండా చెబుతారు. పవర్ పెంచని బండికి అది తప్పనిసరి కాదని నా లెక్క. రేపెప్పుడైనా పెంచే ఆలోచన మనసులో మిగిలి ఉంటే మాత్రం, పెట్టె విప్పి ఉన్నప్పుడే వేయించుకోండి. లాకప్ గట్టిగా పట్టడం మొదలయ్యాక, ఇంతకాలం జారి తప్పించుకున్న దెబ్బ నేరుగా షాఫ్ట్‌కే తగులుతుంది.

ఖర్చు లేని పని ఒకటుంది, చాలామంది అదే వదిలేస్తారు. యాక్సిలరేటర్ నుంచి ట్రాన్స్‌మిషన్‌కి వెళ్లే థ్రాటిల్ వాల్వ్ కేబుల్. మీరు కాలు ఎంత నొక్కారో పెట్టెకి చెప్పేది అదే. వదులుగా ఉంటే, మీరు పూర్తిగా నొక్కినా పెట్టె 'ఈయన మెల్లగానే పోతున్నాడు' అనుకుని తక్కువ ప్రెషర్ ఇస్తుంది. బరువుతో ఎక్కుడు ఎక్కుతుంటే ప్లేట్లు కాలడానికి అది చాలు. కొత్త పెట్టె పెట్టాక కూడా దాన్ని సర్దారో లేదో దగ్గరుండి చూడండి.

ఫ్లూయిడ్‌ని చల్లబరిచే కూలర్ విషయంలో రాజీ వద్దు. పాత పెట్టె కాలినప్పుడు వచ్చిన పొడి కూలర్ సందుల్లో, పైపుల్లో ఇరుక్కుని ఉంటుంది. పైపైన కడిగి కొత్త పెట్టె తగిలిస్తే ఆ చెత్తంతా మొదటిరోజే కొత్త వాల్వుల్లోకి వస్తుంది. వీలైతే కూలరే మార్చండి, ఇంకాస్త పెద్దది పెట్టండి. ఫ్లూయిడ్ ఏటీఎఫ్+4 పోయండి.

వేడి చూపించే మీటరు లేకుండా ట్రెయిలర్ లాగడం కళ్లకు గంతలు కట్టుకుని నడపడమే. సెన్సర్ పాన్‌లో పెడితే మొత్తం ఫ్లూయిడ్ వేడి తెలుస్తుంది. కన్వర్టర్ నుంచి కూలర్‌కి వెళ్లే పైపులో పెడితే అప్పటికప్పుడు ఏం జరుగుతోందో తెలుస్తుంది, కానీ చిన్న ఎక్కుడుకీ ముల్లు ఎగిరిపడి మీకు టెన్షన్ పెడుతుంది. నేను నా బండికి పాన్‌లోనే పెట్టుకున్నాను. 160 నుంచి 200 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా పాట వింటూ నడుపుతాను. 220 దాటితే పాట ఆపుతాను, గేరు తగ్గిస్తాను. 240 అయితే పక్కకు తీసి ఆపేస్తాను.

ఆపాక పార్క్‌లో పెట్టకండి! ఈ పెట్టెలో పార్క్‌లో ఉన్నప్పుడు కన్వర్టర్‌కి ఫ్లూయిడ్ వెళ్లదు, కాబట్టి కూలర్‌కీ వెళ్లదు. హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాల కింద దిమ్మలు పెట్టి, న్యూట్రల్‌లో ఇంజన్ నడవనివ్వండి. ముల్లు దిగడం కళ్లారా కనిపిస్తుంది. డిప్‌స్టిక్‌తో లెవెల్ చూడాల్సింది కూడా చదును నేల మీద, బండి వేడిగా, న్యూట్రల్‌లోనే. నాలుగు రోజులు కదలని బండి పొద్దున డ్రైవ్‌లో పెట్టగానే కాసేపు మొరాయించడానికి కారణం కూడా ఇదే, కన్వర్టర్‌లోని నూనె కిందికి దిగిపోయి ఉంటుంది, పార్క్‌లో ఉన్నంతసేపూ తిరిగి నిండదు. మంచి వాల్వ్ బాడీలు కొన్నింటిలో ఈ లోపాన్నీ సరిచేస్తారు, కొనేముందు అడగండి.

ఇంకొక్క మాట. ఓవర్‌డ్రైవ్‌లో, అంటే చదునులో తేలిగ్గా పోవడానికి ఉన్న నాలుగో గేరులో, మీ గేరు నిష్పత్తి 0.69. ట్రెయిలర్‌తో ఎక్కుడు ఎక్కేటప్పుడు ఆ గేరులో ఏం పని? బటన్ నొక్కి ఓవర్‌డ్రైవ్ ఆపేసి మూడో గేరులో ఎక్కండి. ఇంజన్ అరుస్తుంది, అరవనివ్వండి. టైర్లు పెద్దవి వేయించారేమో మీరు రాయలేదు. వేయించి, వెనక యాక్సిల్ గేరు నిష్పత్తి 3.54 అయితే సగం కష్టం అక్కడే ఉంది.

ప్రశ్న: సార్, మాది 2004 చెవీ సిల్వరాడో 2500హెచ్‌డీ, డ్యూరామాక్స్ ఇంజన్, ఆలిసన్ ఆటోమేటిక్. పోయిన ఏడాది పవర్ పెరగాలని ట్యూనింగ్ చేయించాం. ట్రెయిలర్‌తో గట్టిగా నొక్కితే ఒక్కసారిగా ఆర్‌పీఎం ఎగురుతుంది, లైటు వెలుగుతుంది, తర్వాత ఒకే గేరులో ఉండిపోతుంది. ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే మామూలైపోతుంది. ట్రాన్స్‌మిషన్ కంప్యూటర్ పాడైందా?

జవాబు: కంప్యూటర్ నిక్షేపంగా ఉంది, మీ ఇంట్లో అందరికంటే బుద్ధిగా పనిచేస్తోంది. లోపల ప్లేట్లు జారుతున్నాయని పసిగట్టి, ఇంకా కాలకుండా పెట్టెను లింప్ మోడ్‌లో, అంటే ఒకే గేరులో కుంటుతూ పోయే స్థితిలో, పడేస్తోంది. మీరు ఆపి స్టార్ట్ చేసి, దాని నోరు మూయించి, మళ్లీ కాలుస్తున్నారు. ఎన్నిసార్లు ఇలా చేశారో రాయలేదు. రెండు మూడుసార్లయితే బతికి ఉండొచ్చు. వెంటనే ట్యూన్ తీసేసి కంపెనీ సెట్టింగ్‌కి తీసుకురండి. ఫ్లూయిడ్ మార్చండి. బయటే తిప్పి ఊడదీసే ఫిల్టర్ ఉంటుంది కదా, అదీ మార్చండి. పాత ఫిల్టర్ పారేయకుండా కోసి, లోపలి మడతల్లో ఏముందో చూడండి. ఆ తర్వాత ట్రెయిలర్‌తో ఒక ఎక్కుడు ఎక్కండి, బరువు లాగేటప్పుడు వాడే టో-హాల్ బటన్ నొక్కి. మళ్లీ లింప్‌లోకి వెళ్తే ప్లేట్లు మార్చాల్సిందే. ఐదు గేర్ల ఈ ఆలిసన్ కంపెనీ పవర్‌కి చాలా గట్టి పెట్టె. దాని మీద ఎంత టార్క్ పోశారో ట్యూన్ చేసినవాళ్లనే అడగాలి.

ప్రశ్న: అన్నయ్యగారూ, మా ఆయన మీ కాలమ్ వదలకుండా చదువుతారు. ట్రాన్స్‌మిషన్‌కి పెద్ద ఖర్చు పెట్టి అన్నీ మార్పించారు. ఇక కంపెనీ చెప్పిన లెక్కతో పనిలేదు, 15,000 పౌండ్ల ట్రెయిలర్ అయినా లాగొచ్చు అంటున్నారు. నిజమేనా? నాకు భయంగా ఉంది.

జవాబు: నిజం కాదమ్మా. నా కాలమ్ చదివి ఆయనకు ఇలా అర్థమైతే తప్పు నాది కూడా. ట్రాన్స్‌మిషన్ బాగుపడితే పాత బరువే తేలిగ్గా, చల్లగా లాగుతుంది. బండి ఫ్రేము, బ్రేకులు, టైర్లు, ట్రెయిలర్ తగిలించే వెనక హిచ్ పాతవే కదా. లాగే బరువు లెక్క గట్టడానికి జే2807 అని ఒక ప్రమాణం ఉంది. అందులో అరిజోనాలోని డేవిస్ డ్యామ్ ఎక్కుడుని ఏసీ పూర్తిగా పెట్టి ఎక్కడం ఒక పరీక్ష. అదొక్కటే అయితే మీ ఆయన వాదనకు కాస్త బలం ఉండేది. కానీ దానితోపాటు ఆగడం, మలుపుల్లో ఊగకుండా ఉండడం కూడా చూస్తారు. కొత్త క్లచ్ ప్లేట్లు దిగుడులో బండిని ఆపవు.

ఒక పని చేయండి. ఈసారి వెళ్లేటప్పుడు నీళ్లు, సామాను, మీరంతా ఎక్కాక ట్రక్ స్టాప్‌లో తూకం వేయించండి. ట్రెయిలర్ ముందు భాగం హిచ్ మీద మోపే బరువు ట్రెయిలర్ మొత్తంలో 10 నుంచి 15 శాతం ఉండాలి, అదీ చూడమనండి. డ్రైవర్ తలుపు తీస్తే పక్కన స్టిక్కర్ ఉంటుంది, బండి మోయగలిగిన అంకెలు దానిమీదే ఉంటాయి. బండీ ట్రెయిలరూ కలిపి ఎంతవరకూ పోవచ్చో ఓనర్స్ మాన్యువల్‌లో ఉంటుంది. తూకం చీటీ, స్టిక్కర్, మాన్యువల్‌లోని ఆ పేజీ, మూడూ పక్కపక్కన పెట్టి ఫొటో తీసి నాకు పంపండి. ఆయనకు జవాబు నేను రాస్తాను.