ఎండాకాలంలో కొండ, గాలం

ప్రశ్న: మే నెలలో ఒక శని, ఆదివారం పిల్లలతో కొండ ఎక్కి, గాలం వేసి చేపలు పట్టాలని ఉంది. హైదరాబాద్ దగ్గర్లో ఎక్కడికి వెళ్లాలండీ?

జవాబు: వికారాబాద్ అనంతగిరికి వెళ్లండి. సుమారు 80 కిలోమీటర్లు, మూసీ పుట్టేది అక్కడే. నడక మాత్రం తెల్లారి ఆరింటికే మొదలుపెట్టి తొమ్మిదిన్నరకల్లా దిగిపోండి, ఎందుకంటే ఆ రోజుల్లో ఆకులు రాలి నీడ పలచగా ఉంటుంది, పిల్లలు చెయ్యి ఆనిస్తే బండరాయి చుర్రుమంటుంది. నీళ్లు బాగా పెట్టుకోండి.

దగ్గర్లోనే కోట్‌పల్లి ప్రాజెక్టు ఉంది గానీ, చెరువుల్లో చేపల హక్కు మామూలుగా ఊరి మత్స్యకారుల సంఘాలది, వాళ్ల బతుకుతెరువు కాబట్టి అడిగి, సరేనంటేనే గాలం వేయండి. అమ్రాబాద్ లాంటి అభయారణ్యాల్లో అసలు వద్దు, 1972 వన్యప్రాణి చట్టం ఒప్పుకోదు. ఎర్రలు దొరక్కపోతే గోధుమపిండి ముద్ద చాలు, నీళ్లలో విడిపోకుండా గట్టిగా పిసకండి.